28 కంటే 29 చిన్నది: ఆన్‌లైన్‌లో సైకిల్ సామాన్లు కొనే ముందు రొంత ఆగండి

మా తిరుచానూరులో, మా వీధి చివర పాలు పోసే ఆయన ఒకాయన ఉండాడు. ఆయన సైకిల్‌కు దగ్గర దగ్గర నా వయసుంటాది. నల్ల సైకిల్, క్యాన్లు తగిలించుకోను వెనక క్యారియర్‌కు రెండు పక్కలా కొక్కేలు. ఈమధ్య ఆయన మోటార్ బండి కొనుక్కున్నాక ఆ సైకిల్ కొడుక్కొచ్చింది. ఇంటర్ చదివే పిల్లోడు. నాయన సైకిల్ అట్లే తొక్కాలంటే వాడికి నామోషీ. బొడిపెల టైర్లు వేస్తే గేరు సైకిల్ మాదిరి కనపడతాదని సెల్లులో వెతికినాడు. పాత టైరు మీద 28 అని ఉంది. 28లో బొడిపెల టైరు దొరకలేదు, 29లో దొరికింది. "ఒక ఇంచే గదా, రొంత వదులుంటే గాలి కొడితే బిగుసుకుంటాది" అనుకొని 899 రూపాయలు కట్టేసినాడు.

టైరు వచ్చింది. వదులు సంగతి దేవుడెరుగు, అసలు రిమ్ము మీదికే ఎక్కల్యా. వీడు, వీడి జతగాడు ఇద్దరూ కలిసి స్పానర్లు పెట్టి, ఆఖరికి పార కొస పెట్టి లాగినారు. టైరు అంచున గీతలు పడినాయి. రిటర్న్ పెడితే, తీసుకోను వచ్చినాయన చూసి "ఇది వాడిన వస్తువు" అని రాసుకొని ఎళ్లిపోయినాడు. మాపటేల వాడు టైరు భుజానికి తగిలించుకొని నా కాడికొచ్చినాడు. "అన్నా, 28 కంటే 29 చిన్నదెట్లా అవుతాది? ఇది మోసం గదా. కేసు వేద్దాం పా" అన్నాడు.

నేను పంచాయితీలు, అర్జీలు, రేషన్ కార్డుల గొడవలు చూసే మనిషిని. టైరు గురించి నాకేం తెలుసు? ఇద్దరం కలిసి పాత సైకిల్ అంగడి పెద్దాయన కాడికి పోయినాం. ఆయన టైరు చూసి నవ్వలేదు, తిట్టనూ లేదు. కళ్లజోడు పెట్టుకొని టైరు పక్కన అచ్చుపోసిన చిన్న అంకెలు చదివినాడు. "622 అని ఉండాది నాయనా. మీ రిమ్ము 635. ఎట్లా ఎక్కుతాది?" అన్నాడు. మా ఇద్దరికీ నోట మాట రాలేదు.

సంగతేందంటే, సైకిల్ టైర్ల మీద ఇంచుల్లో రాసే సైజు పాత కాలం లెక్క. గాలి కొట్టినాక టైరు బయటి కొలత సుమారుగా ఎంతుంటాదో అది చెప్తుంది. దేశానికో రకంగా, కంపెనీకో రకంగా రాసుకుంటా వచ్చినారు. రిమ్ము మీద టైరు అంచు కూర్చునే చోటి కొలత వేరే. దాన్ని మిల్లీమీటర్లలో రాస్తారు. ప్రపంచమంతా దానికి ఒకటే లెక్క. టైరు పక్కన "50-559" మాదిరి రెండు అంకెలు, మధ్యలో గీత ఉంటాది. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము కొలత. మనకు కావాల్సింది ఆ రెండోది.

పాలాయన నల్ల సైకిల్ మీదుండే 28 × 1½ టైరుకు రిమ్ము 635. ఇప్పుడొచ్చే 29 ఇంచుల సైకిల్‌కు 622. అంటే పేరు పెద్దది, రిమ్ము 13 మిల్లీమీటర్లు చిన్నది. టైరు లావుగా, బొడిపెలతో ఉంటాది కాబట్టి గాలి కొట్టినాక బయటి కొలత పెద్దదవుతాది, అందుకే దానికి 29 అని పేరు పెట్టుకున్నారు. రేసు సైకిళ్లకు 700సీ అని రాస్తారు చూడండి, దానికి కూడా 622నే. 27.5 అంటే 584. ఇంగ అన్నిటికంటే ఎక్కువ మంది దెబ్బతినేది 26 కాడ. గేరు సైకిల్ మీద "26 × 1.95" అని ఉంటే రిమ్ము 559. ఆడపిల్లల సైకిల్ మీద "26 × 1-3/8" అని ఉంటే 590. రెండూ 26లే, ఒకదాని టైరు ఇంకోదానికి చచ్చినా ఎక్కదు. అమ్మేవాడు "26 ఇంచుల సైకిల్ టైరు" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటాడు. కొన్నవాళ్లలో సగం మంది "సూపర్" అని, సగం మంది "మోసం" అని రాస్తా ఉంటారు. ఇద్దరూ నిజమే చెప్తాండారు, వాళ్ల సైకిళ్లే వేరే.

ట్యూబుల్లో కూడా ఇదే తంటా. మన నల్ల సైకిళ్లకుండే వాల్వు ఒక రకం, మోటార్ బండికుండే మాదిరిది ఇంకో రకం, రేసు సైకిళ్లకుండే సన్నపుది మూడో రకం. సన్నపు వాల్వు ట్యూబు తెప్పించుకున్నారనుకోండి, మీ ఇంటి పంపు దానికి పట్టదు, పెట్రోల్ బంకులో గాలి గొట్టమూ పట్టదు. చిన్న పిత్తళ్ల అడాప్టర్ కావాల. అది కూడా ఆన్‌లైన్‌లోనే కొనుక్కోవాల.

ఈ పెద్దాయన అంగట్లో అడిగుంటే ఏం జరిగేది? సైకిల్ తెమ్మనేవాడు. చూసేవాడు. "దీనికి బొడిపెల టైరు రాదు నాయనా" అని చెప్పి పంపేవాడు. ఆ మాటకు ఆయన దుడ్లు తీసుకోడు. టైరు మీద యాభయ్యో వందో ఎక్కువ తీసుకుంటాడని మనం పోరుపెడతాం గానీ, ఆ యాభైలో ఈ చూపు కలిసుంటాది. ఆన్‌లైన్ అంగడి ఆ చూపును తీసేసి, యాభై తగ్గించి, తెలుసుకునే పనంతా కొనేవాడి నెత్తిన పెట్టింది. దాంట్లో తప్పేం లేదు, కొనేవాడికి ఆ సంగతి తెలిసుంటే. తెలీకపోతే టైరు భుజాన ఏసుకొని తిరగాల.

అందుకే పిల్లోడికి నేను చెప్పినాను, నీ టైరు కేసు నిలబడదు అని. వాళ్లు 29 అని చెప్పినారు, 29 పంపినారు. నువ్వు దాన్ని పారతో లాగినావు. తప్పు మనది. ఉద్యమాలు చేసేవాడు ఇట్లా మాట్లాడతాడా అని వాడికి కోపం వచ్చింది. కానీ మన తప్పేదో, వాళ్ల తప్పేదో విడదీసి చూసుకుంటేనే, వాళ్ల తప్పు కాడ గట్టిగా నిలబడగలం.

వాళ్ల తప్పు కత ఇది. మాకు తెలిసిన ఆడబిడ్డ ఒకామె రేణిగుంట పక్క ఫ్యాక్టరీలో పని చేస్తాది. కంపెనీ బస్సు ఎక్కే తావు దాకా పోను సైకిల్ కావాలని 7,499 పెట్టి ఆన్‌లైన్‌లో తెప్పించుకుంది. అట్ట పెట్టెలో వచ్చింది. "85 శాతం బిగించి పంపుతాం, మిగతాది ఎవరైనా 20 నిమిషాల్లో బిగించుకోవచ్చు" అని అమ్మే పేజీలో రాసినారు. పెట్టెలో ఒక స్పానర్, రెండు మరమేకులు, ఇంగ్లీషులో వారంటీ కాయితం ఉన్నాయి. ఎట్లా బిగించాలో చెప్పే కాయితం మాత్రం లేదు.

ఆమె తమ్ముడు బిగించినాడు. కుడి పెడల్ సులభంగా ఎక్కింది. ఎడమది ఎక్కలేదు. బలంగా తిప్పినాడు, ఎక్కింది. నాలుగో రోజు పొద్దన్నే రోడ్డు మీద ఎడమ పెడల్ ఊడి చేతికొచ్చింది. ఆ పిల్ల బోర్లా పడింది. మోకాలు చీరుకుపోయింది, ఆ పొద్దు కూలి పోయింది. వెనక లారీ లేదు కాబట్టి ఈ కత ఇంతటితో చెప్పగలుగుతా ఉన్నాను.

సైకిల్ ఎడమ పెడల్‌కు మర ఎదురుగా ఉంటాది. మామూలు మరలు గడియారం ముల్లు తిరిగే దిక్కుకు బిగిస్తాం గదా, ఎడమ పెడల్‌ను మాత్రం దానికి ఎదురు దిక్కుకు బిగించాల. తొక్కేటప్పుడు దానంతట అది ఊడిపోకుండా అట్లా చేసినారు. పెడల్ ఇరుసు కొసన ఎల్, ఆర్ అని అక్షరాలుంటాయి. ఎల్ అంటే ఎడమ. ఇది తెలీకుండా బలవంతంగా తిప్పితే పెడల్ ఇనుము క్రాంకు అల్యూమినియాన్ని కోసేస్తాది. మర పోయినాక ఎంత బిగించినా నిలవదు. ముందు ఫోర్కు కూడా శానామంది ఎనక్కి తిప్పి బిగిస్తారు. డిస్కు బ్రేకు సైకిల్ అయితే గుర్తు సులభం: చైను కుడి పక్క, డిస్కులు ఎడమ పక్క. ముందు డిస్కు కుడి పక్కకొచ్చిందంటే బిగింపు తప్పింది. తొక్కకండి.

ఈ పిల్ల కంపెనీకి రాస్తే "తప్పుగా బిగించినందువల్ల పాడైంది, వారంటీ వర్తించదు, రిటర్న్ గడువు కూడా అయిపోయింది" అని రెండు లైన్ల జవాబు వచ్చింది. మన పిల్లలు ఆడితో ఆగిపోతారు. గడువు అయిపోయింది అనే మాట సెల్లులో ఎర్ర అక్షరాల్లో కనపడితే చట్టమే చెప్పిందనుకుంటారు. అది చట్టం కాదు. ఆ అంగడి పెట్టుకున్న సొంత నియమం. ఏడు రోజులో పది రోజులో వాళ్లిష్టం. చట్టంలో వినియోగదారుల కమిషన్‌కు పోను ఉన్న గడువు రెండు సంవత్సరాలు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలైలో అమల్లోకొచ్చింది. దాని కిందే అదే నెలలో ఆన్‌లైన్ వ్యాపారానికి విడిగా నియమాలు తెచ్చినారు. వాటిలో మనకు పనికొచ్చే ముక్క ఒకటుంది. వస్తువు లోపంతో వచ్చినా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పిన గుణం లేకపోయినా, చెప్పిన తేదీకి రాకపోయినా అమ్మినాయన దాన్ని వెనక్కి తీసుకోనని గానీ, దుడ్లు ఇవ్వనని గానీ అనడానికి లేదు. ప్రతి ఆన్‌లైన్ అంగడీ ఫిర్యాదులు చూసే అధికారిని పెట్టుకోవాల, ఆ మనిషి పేరు, నంబరు పేజీలో కనపడాల. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాల, ఒక నెలలో తేల్చాల. సరుకు ఏ దేశంలో తయారైందో రాయాల. ఇంగ 2019 చట్టంలోనే, సరైన వాడకం సూచనలు ఇవ్వనందువల్ల మనిషికి దెబ్బ తగిలితే తయారుచేసినవాడు జవాబు చెప్పాల్సిన అధ్యాయం ఒకటుంది.

మేం చేసిందేమీ గొప్ప పని కాదు. అమ్మే పేజీలో "ఎవరైనా 20 నిమిషాల్లో" అనే మాటను ఫోటో తీసి పెట్టుకున్నాం. పెట్టెలో వచ్చిన సామాన్లన్నీ నేల మీద పరిచి ఫోటో తీసినాం, బిగింపు కాయితం లేదని కనపడేటట్టు. ఆసుపత్రి చీటీ, క్రాంకు ఫోటో, బిల్లు కలిపినాం. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి మెయిల్ పెట్టి టికెట్ నంబరు తీసుకున్నాం. ఆ తర్వాత 1915కు ఫోన్ చేసినాం. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. ఒక సంగతి గుర్తు పెట్టుకోండి, 1915 కోర్టు కాదు. వాళ్లు ఫిర్యాదు రాసుకొని కంపెనీకి పంపి జవాబు అడుగుతారు, అంతే. కానీ ఒంటరిగా మెయిల్ పెట్టిన పిల్లకు రెండు లైన్లు రాసినోళ్లు, ఆడ నుంచి పోయేసరికి ఫోన్ చేసి మాట్లాడినారు. మూడు వారాలకు కొత్త క్రాంకు, పెడళ్ల జత పంపినారు. ఆసుపత్రి ఖర్చు మాత్రం ఇవ్వలేదు.

దానికి కమిషన్‌కు పోవచ్చు. ఇది కూడా మనోళ్లకు తెలీదు. కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉంటాది, గుర్గావ్‌లో ఉంటాది, మనం ఆడికెట్లా పోతాం అనుకుంటారు. కొత్త చట్టం ప్రకారం కొన్నవాళ్లు యాడ నివసిస్తారో ఆడే కేసు వేయొచ్చు. మనకు తిరుపతిలోనే వినియోగదారుల కమిషన్ ఉంది, తిరుచానూరు నుంచి సైకిల్ మీద పోయేంత దూరం. కొన్న వస్తువు ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే మాట్లాడొచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చొని కూడా వేయొచ్చు. అయితే తిరగాల, వాయిదాలుంటాయి. 899 రూపాయల టైరుకు కూలి పోగొట్టుకొని వాయిదాలకు తిరగమని నేను చెప్పను. మోకాలు పగిలిన కేసుకు మాత్రం తిరగమంటాను. ఆ పిల్ల ఇంకా ఆలోచిస్తా ఉంది. సెలవు దొరకాల గదా.

పెద్ద అంగళ్లు "మేం అమ్మలేదు, మా పేజీలో ఇంకెవరో అమ్మినారు" అని తప్పించుకోవాలని చూస్తాయి. ఆ మాట అన్నిసార్లూ చెల్లదు. 2022లో ఐఎస్ఐ ప్రమాణం లేని ప్రెషర్ కుక్కర్లు అమ్మనిచ్చినందుకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అమెజాన్‌కు, ఫ్లిప్‌కార్ట్‌కు చెరి లక్ష రూపాయల జరిమానా వేసింది. అమెజాన్‌లో అమ్ముడైనవి 2,265 కుక్కర్లు, ఫ్లిప్‌కార్ట్‌లో 598. కొన్నోళ్లందరికీ చెప్పి, దుడ్లు తిరిగిమ్మని ఆదేశించింది. రెండు కంపెనీలూ ఢిల్లీ హైకోర్టుకు పోయినాయి. లక్ష వాళ్లకు లెక్క కాదు, కానీ పేజీ మాదే, సరుకు మాది కాదు అనే మాటను అడిగేవాళ్లుండారని తేలింది.

కుక్కర్ అంటే గుర్తొచ్చింది, హెల్మెట్ సంగతి చెప్పాల. మోటార్ బండి హెల్మెట్‌కు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి, 2021 జూన్ నుంచి ముద్ర లేనిది అమ్మకూడదు. సైకిల్ హెల్మెట్ వేరే వస్తువు. తేలిగ్గా, గాలి రంధ్రాలతో ఉంటాది. మంచి సైకిల్ హెల్మెట్ లోపల ఈఎన్ 1078 అనో సీపీఎస్‌సీ అనో రాసుంటాది. మొదటిది యూరప్ ప్రమాణం, రెండోది అమెరికాది. నేను మా ఇంటి పిల్లోడికి 450 పెట్టి తెప్పించింది చూస్తే పైన నిగనిగలాడే ప్లాస్టిక్, లోపల పల్చటి స్పాంజి. దెబ్బను మింగేది థర్మోకోల్ మాదిరి గట్టి నురగ పొర. అదే లేదు. బొటనవేలితో నొక్కితే హెల్మెట్ వంగింది. వెనక్కి పంపినాను, తీసుకున్నారు. కొనే ముందు టేపుతో నుదురు చుట్టూ కొలిచి సెంటీమీటర్లలో సైజు చూసుకోండి. ఒకసారి గట్టిగా కిందపడిన హెల్మెట్‌ను మళ్లా వాడొద్దు, చూడను బాగానే ఉన్నా లోపల నురగ నలిగిపోయుంటాది.

లైట్ల కాడ అబద్ధాలకు అంతు లేదు. 300 రూపాయల లైటు మీద "10,000 ల్యూమెన్లు" అని రాస్తారు. దాంట్లో వేసే 18650 అనే సెల్లు మీద "9,900 ఎంఏహెచ్" అని ముద్ర ఉంటాది. పేరున్న కంపెనీ మంచి సెల్లుకే 3,500 దరిదాపుల్లో ఉంటాది. ఆ అంకె చూస్తే చాలు, మిగతావన్నీ కూడా అబద్ధమని లెక్క వేసుకోండి. ఇది "ప్రకటనలో చెప్పిన గుణం లేకపోవడం" కిందికే వస్తాది.

రివ్యూలు చదివేటప్పుడు ఐదు చుక్కలవీ, ఒక చుక్కవీ వదిలేసి మూడు చుక్కలవి చదవండి. రెండు మూడు నెలలు వాడి రాసినోళ్లు ఆడ దొరుకుతారు. ఫోటోల్లో వేరే వస్తువు కనపడితే, పాత సరుకు పేజీనే మార్చి కొత్త సరుకు అమ్ముతాండారని అర్థం. "ఇంకా 2 మాత్రమే ఉన్నాయి", "11 నిమిషాల్లో ఆఫర్ ముగుస్తాది" అని గడియారం తిప్పితే గమ్మున పేజీ మూసేసి రేపు పొద్దన చూడండి. ఆ రెండూ ఆడే ఉంటాయి. ఇట్లాంటి జిత్తులు 13 రకాలు గుర్తించి, చేయకూడదని 2023 నవంబర్‌లో కేంద్రం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. మీరడగకుండానే బుట్టలో బీమా అనో, విరాళం అనో చేర్చడం వాటిలో ఒకటి. కట్టే ముందు మొత్తం ఒకసారి చూసుకోండి.

ఇంగ 1,999కే గేరు సైకిల్ అని సెల్లులో వచ్చే ప్రకటనలు. ఇది వినియోగదారుల గొడవ కానే కాదు, దొంగతనం. ఆడ అంగడి లేదు, సైకిల్ లేదు, ఫోటో ఒకటే ఉంది. దుడ్లు పోయినాయని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయండి, 1915కు కాదు. ఎంత బిర్నా చేస్తే బ్యాంకులో ఆ దుడ్లు ఆపించే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి నాలుగు రోజులు దాచుకున్నోళ్లకే పూర్తిగా పోతాది.

పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీయండి. చిరునామా చీటీ నుంచి మొదలుపెట్టి, ఆపకుండా, లోపల వస్తువు బయటికొచ్చే దాకా. తీయాలని చట్టం చెప్పలేదు, గానీ రేపు "మీరే మార్చినారు" అంటే జవాబు అదే. పెట్టె నలిగి వస్తే తెచ్చినాయన ఎదురుగానే ఫోటో తీయండి. ఆయనతో తగువు పెట్టుకోకండి. ఆయన కూడా మన పక్కూరి పిల్లోడే, పెట్టెకింత అని కూలి. లోపల ఏముందో ఆయనకూ తెలీదు. పంచమీ తీర్థం నాడు మా ఊరి రోడ్ల మీద కాలు పెట్టను సందుండదు, ఆ పొద్దు నాకు "వచ్చినాం, మీరు ఇంట్లో లేరు" అని మెసేజ్ వచ్చింది. నేను అరుగు మీదే కూర్చోనున్నాను. కోపం వచ్చింది గానీ, ఆ జనంలో బండి ఎట్లా తెస్తాడు? అట్లా రాయమని పైన ఆయనకు లెక్క పెట్టినోడెవడో వాడిని అడగాల.

నన్నడిగితే సైకిల్ అంగట్లోనే కొనండి, బిగించి, తొక్కించి ఇస్తారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద, వాటి విడిభాగాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లు అడిగి, 5 వేసినారో లేదో చూడండి. బిల్లు లేకుంటే అంగడైనా ఆన్‌లైనైనా మీ చేతిలో ఏమీ లేనట్టే. లైట్లు, పంపు, సీటు కవర్, బాటిల్ స్టాండు మాదిరివి ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి, నష్టం లేదు. టైరు, ట్యూబు, చైను, బ్రేకు కట్టలు కావాలంటే పాతది విప్పి దాని మీద అంకెలు ఫోటో తీసుకున్నాకే ఆర్డర్ పెట్టండి.

ఆ ఫ్యాక్టరీ పిల్ల సైకిల్‌కు కొత్త క్రాంకు మా పెద్దాయనే బిగించినాడు. వంద తీసుకున్నాడు. బిగిస్తా ఉన్నంతసేపూ ఆమె తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని ఎడమ పెడల్ వాడి చేతనే తిప్పించినాడు. పాలాయన కొడుకు 29 టైరు ఇంకా వాళ్ల పశువుల కొట్టంలో గూటానికి వేలాడతా ఉంది. అంచున గీతలున్నాయి గానీ లోపల తీగ తెగలేదని పెద్దాయన చూసి చెప్పినాడు. తిరుపతి చుట్టుపక్కల ఎవరి సైకిల్ టైరు మీదైనా 622 అని ఉంటే చెప్పండి, 400కు ఇస్తాడంట.